కంప్యూటర్‌లో పాత గేమ్‌బాయ్ ఆటలు

సోలాపూర్ జోడ్‌భావి పేట్ నేత కుటుంబాలకు జకార్డు అట్టలు సుపరిచితం. అట్టకు చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఆ వరుసే దుప్పటిపై పువ్వుగా, నెమలిగా రూపుదిద్దుకుంటుంది. అట్టలు మారిస్తే అదే మగ్గం మరో డిజైను నేస్తుంది.

జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ 1989లో విడుదల చేసిన గేమ్‌బాయ్ పద్ధతీ ఇదే. చేతిలో ఇమిడే ఆ యంత్రం మగ్గమైతే, అందులో అమర్చే ఆట క్యాసెట్టు అట్టల వంటిది. ఆ యంత్రాల తయారీ ఏనాడో ఆగిపోయింది. అనేక క్యాసెట్లలో ఆటను భద్రపరచే చిన్న బ్యాటరీ కాలక్రమంలో నిర్జీవమై, పిల్లలు అంచెలంచెలుగా సాధించినదంతా చెరిగిపోతుంది.

ఇందుకు పరిష్కారం ఎమ్యులేటర్. కంప్యూటర్‌ను పాత యంత్రంవలె నడిపించే సాఫ్ట్‌వేర్ ఇది. 'ఎంజీబీఏ' వంటివి ఉచితంగానే లభిస్తాయి. క్యాసెట్టులోని సమాచారపు నకలైన 'రోమ్' ఫైలును దానికి అందిస్తే ఆట మొదలవుతుంది. ఆటను ఎక్కడ ఆపితే అక్కడే కంప్యూటర్‌లో భద్రపరచుకోవచ్చు.

అయితే ఎమ్యులేటర్ ఉచితమైనంత మాత్రాన ఆటలన్నీ ఉచితం కావు. వాటికి 1957 నాటి కాపీరైట్ చట్టం రక్షణ ఉంది. అనుమతి లేని ఫైళ్ల వెంట వైరస్‌లూ రావచ్చు. రచయితలే ఉచితంగా విడుదల చేసిన ఆటలను పిల్లలకు ఎంచి ఇవ్వడం శ్రేయస్కరం. ఒకరి డిజైను అట్టలను మరొకరు చెప్పకుండా వాడుకుంటే కలిగే నష్టం నేతన్నలకు తెలియనిది కాదు.