తాడు ఎక్కడ కట్టారో చూశారా?

వానాకాలంలో పోటీలు జరిగే రోజుల్లో సంజీవయ్య పార్కు వైపు వెళ్తే... హుస్సేన్‌సాగర్ నిండా తెల్లటి తెరచాపలు బారులు తీరి కనిపిస్తాయి. సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్‌ల పుణ్యమా అని జంటనగరాలకు ఆ దృశ్యం కొత్తేం కాదు. గాలికి పడవ ఒరిగితే చాలు, అందులోని వాళ్లు రెండోవైపు అంచుమీద కూర్చుని వెనక్కి వాలిపోతారు. చాప ఎంత ఎత్తున ఉంటే గాలి పడవను అంత సులువుగా ఒరగదోస్తుంది మరి! వాటర్ స్కీయింగ్‌లోనూ ఇదే సూత్రం. కాకపోతే అక్కడ పడవను ఒరగదోసేది గాలి కాదు, వెనకాల తాడు పట్టుకుని వచ్చే మనిషి!

పొట్టి గుంజ... పొడుగు గుంజ

1922లో అమెరికాలోని మిన్నెసోటాలో రాల్ఫ్ శామ్యూల్సన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు పైన్ పలకల్ని కాళ్లకు తొడుక్కుని పెపిన్ సరస్సు మీద జారాడు. ఈ ఆటకు అదే ఆరంభం. ఇప్పుడు స్లాలమ్ పోటీల్లో పడవ వేగం గంటకు 58 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆటగాడు ఆ వేగంతో ఆరు బోయాల చుట్టూ అటూ ఇటూ తిరుగుతూ పడవను పక్కలకు లాగేస్తుంటాడు. తాడును పడవ తోకకు కడితే ఆ లాగుడికి తోక ఊగిపోతుంది. అందుకే పడవ మధ్యభాగంలో పొట్టి ఇనుప గుంజ పాతి, దానికి కడతారు. దాని పేరు పైలాన్.

వేక్‌బోర్డు సంగతి వేరు. అందులో గాల్లోకి ఎగరాలి. తాడు పైనుంచి లాగితేనే ఎగరడం తేలిక. ఇందుకు గుంజ సుమారు రెండు మీటర్ల ఎత్తుండాలి. రెండు ఆటలకూ ఒకే పడవ కావాలంటే? ఎత్తు మార్చుకునే గుంజ ఉందిగా! గొట్టంలో గొట్టం, కావలసిన ఎత్తులో రంధ్రం, అందులో ఓ పిన్ను... అంతే. బాగా పైకి లేపినప్పుడు గుంజ వెనక్కి వంగకుండా పైకొసను పట్టీలతో పడవ ముందు భాగానికి బిగిస్తారు.

ఎత్తుతోనే చిక్కు

కొబ్బరిచెట్టును కూల్చేవాళ్లు తాడును మొదట్లో కట్టరు, పైన కడతారు. పొడుగు గుంజ విషయమూ అంతే. కాస్త పక్కకు లాగినా పడవ ఒరిగిపోతుంది. అందుకే...
* ఎత్తు గుంజకు ఒకేసారి ఇద్దరిని కట్టకూడదు.
* మనుషులు కూర్చునే గాలి ట్యూబుల్ని దానికి అస్సలు తగిలించకూడదు. అవి నీళ్లలో ఇరుక్కుంటే పడే కుదుపు చాలా ఎక్కువ.
* పిన్ను, పట్టీలు ప్రతిసారీ సరిచూడాలి.
* పడవ నడిపేవాళ్లు ముందుకే చూడాలి. వెనక్కి చూసేందుకు ఇంకొకరు ఉండాల్సిందే.

ఎక్కడైనా వాటర్ స్కీయింగ్‌కు వెళ్తే లైఫ్ జాకెట్ వేసుకున్నాక... తాడు కట్టిన గుంజనూ ఓసారి చూడండి!