పాత బండి రేసులో... పక్క సీటు మీదే!

డుంబ్రిగుడ దాటాక, ఎత్తు ఎక్కుతుండగా మా సర్వీసు జీపు దగ్గి దగ్గి ఆగిపోయింది. అప్పుడు నేను బీటెక్ మెకానికల్ ఫైనలియర్. డ్రైవర్ బాబాయ్ బానెట్ ఎత్తి నావైపు చూశాడు. 'ఏటి చదువుతున్నావు బాబూ?' అన్నాడు. చెప్పాను. 'అయితే గాలి ఎలా తీయాలో తెలిసే ఉంటాది, పట్టు' అంటూ స్పానర్ చేతికిచ్చాడు.

నాకు తెలియదు. డీజిల్ సైకిల్ బొమ్మ మాత్రం కళ్లు మూసుకుని గీయగలను!

ట్యాంకులో డీజిల్ తక్కువగా ఉంది. ఎత్తులో బండి వెనక్కి వాలేసరికి పైపు గాలి పీల్చింది. బాబాయ్ ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టాడు. ముందు నురగ వచ్చింది, తర్వాత బుడగలు, చివరికి సన్నటి డీజిల్ ధార. స్క్రూ బిగించి తాళం తిప్పితే బండి స్టార్ట్. మొత్తం పది నిమిషాలు పట్టి ఉంటుందేమో. నాలుగేళ్ల చదువులో నేను చేత్తో ఒక్క ఇంజిన్ కూడా విప్పలేదని ఆ పది నిమిషాల్లోనే అర్థమైంది.

ఆ సిగ్గే నన్ను పాత బండ్ల దగ్గరికి, వాటి రేసుల దగ్గరికి తీసుకెళ్లింది. కోట్లున్నవాళ్ల సరదా కదా, మనకెందుకు అంటారా? కారు వాళ్లదే కావచ్చు. కానీ దాన్ని నడిపించడానికి, లెక్క కట్టడానికి, బాగుచేయడానికి మనుషులు కావాలి. అక్కడ మీకు చోటుంది.

రేసంటే వేగమేనా?

పాత కార్లను ట్రాక్ మీద పూర్తి వేగంతో తోలే పోటీలు విదేశాల్లో చాలా ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్‌లో 1998 నుంచి జరుగుతున్న రివైవల్‌లో 1948-66 నాటి కార్లను పరుగెత్తిస్తారు. ఇటలీలోని మిల్లె మిలియా కథ వేరు. 1927లో మొదలైన ఈ వెయ్యి మైళ్ల రేసు 1957లో ఘోర ప్రమాదంతో ఆగిపోయింది. 1977లో మళ్లీ వచ్చింది కానీ వేగం పోటీగా కాదు. చెప్పిన సమయానికి చెప్పిన చోటికి చేరడమే ఇప్పుడక్కడ గెలుపు.

మన దేశంలోనూ ట్రాక్ రేసులకు పెద్ద చరిత్రే ఉంది. మద్రాసు దగ్గర షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద దశాబ్దాల పాటు పోటీలు జరిగాయి. తర్వాత అవి ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు మారాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో ఫార్ములా-ఈ జరగడం మీకు గుర్తుండే ఉంటుంది. పాత కార్ల విషయానికొస్తే ఇక్కడ ఎక్కువగా కనిపించేవి ర్యాలీలు. ఢిల్లీలో స్టేట్స్‌మన్ వింటేజ్ ర్యాలీ 1964లోనే మొదలైంది. అక్కడ బండి అసలు రూపంలో ఉందా, ఎంత బాగా చూసుకున్నారన్నదానికి విలువ.

పక్క సీటు లెక్క

కొత్తవాళ్లు అడుగుపెట్టడానికి తేలికైన దారి టీఎస్‌డీ ర్యాలీ. అంటే టైమ్, స్పీడ్, డిస్టెన్స్. పాత బండి అయినా, మామూలు బండి అయినా ఆట ఒకటే. నిర్వాహకులు దారిని, సగటు వేగాన్ని చెబుతారు. మధ్యలో ఎక్కడో కనబడకుండా టైమ్ కంట్రోల్ పెడతారు. ఆలస్యంగా వెళ్లినా, ముందే వెళ్లినా పెనాల్టీ పడుతుంది. స్టీరింగ్ డ్రైవర్‌దే అయినా మెదడు పక్క సీటులో కూర్చున్న నావిగేటర్‌ది.

లెక్క చూడండి. సగటు వేగం గంటకు 36 కి.మీ. అంటే సెకనుకు సరిగ్గా 10 మీటర్లు. 4.5 కి.మీ. దూరానికి 450 సెకన్లు, అంటే ఏడున్నర నిమిషాలు. ఇంతేనా అనిపిస్తుంది. అసలు తిప్పలు బండి కదిలాకే మొదలవుతాయి.

ఒకసారి మిత్రులం ముగ్గురం ఓ పాత జీపులో సరదాగా ప్రాక్టీసు చేశాం. అరకు నుంచి డుంబ్రిగుడ మీదుగా పాడేరు వైపు 40 కి.మీ., సగటు వేగం 30. నేనే నావిగేటర్ని. కాగితం మీద ప్రతి మలుపుకూ టైమ్ రాసుకున్నా. తీరా చూస్తే నిమిషంన్నర ఆలస్యం! ఎందుకో రాత్రి కూర్చుని వెతికితే దొరికింది. అరిగిన టైరు చుట్టుకొలత తగ్గుతుంది. చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది, మీటర్ 2 శాతం ఎక్కువ చూపిస్తుంది. 40 కి.మీ.లో 2 శాతం అంటే 800 మీటర్లు. గంటకు 30 కి.మీ. వేగంతో ఆ దూరానికి 96 సెకన్లు. అందుకే ర్యాలీకి ముందు తెలిసిన దూరం నడిపి, మీటర్ తప్పు ఎంతో కట్టి, ఆ తేడాను ప్రతి లెక్కలోనూ కలుపుతారు. కాలిబ్రేషన్ అనే మాటను పరీక్షల్లో ఎన్నోసార్లు రాశా. దాని అర్థం ఆ రాత్రే తెలిసింది.

బండి లేకపోయినా...

పోటీ జరగాలంటే డ్రైవర్ల కన్నా ఎక్కువమంది బయట పనిచేయాలి. జెండాలు పట్టే మార్షల్స్, సమయం నమోదు చేసే టైమ్‌కీపర్లు, బ్రేకులు, లైట్లు, సీటుబెల్టులు పరీక్షించే స్క్రూటినీర్లు. దేశంలో ఈ క్రీడను నడిపించే సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ. దాని గుర్తింపు ఉన్న క్లబ్బును సంప్రదించి వాలంటీర్‌గా మొదలుపెట్టొచ్చు. దీని మీద పెద్దగా డబ్బు వస్తుందని అనుకోవద్దు. పని మాత్రం దగ్గర నుంచి చూస్తారు.

ఇక బాగుచేసే పని. కేంద్రం 2021లో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని బైకులు, కార్లకు నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. వాటిని రోజువారీ అవసరాలకు, కిరాయికి తిప్పకూడదు. అసలు రూపం మారకూడదంటే టింకరింగ్, లేత్ పని, వైరింగ్, కార్బురేటర్ సెట్టింగ్ తెలిసినవాళ్లు కావాలి. దొరకని పార్టును కొలిచి, క్యాడ్‌లో గీసి, మళ్లీ తయారుచేసేవాళ్లు కావాలి. దీన్నే రివర్స్ ఇంజినీరింగ్ అంటారు. ఇది నేర్చినవాళ్లకు పాత కార్ల షెడ్డులోనే కాదు, టూల్ రూమ్‌లోనూ, డిజైన్ ఆఫీసులోనూ పని ఉంటుంది.

ఇంటర్వ్యూలో ఏమవుతుంది?

నా మొదటి ఇంటర్వ్యూలో 'చేత్తో ఏం చేశావు?' అని అడిగారు. కొనుక్కొచ్చిన ప్రాజెక్టు గురించి నసిగాను. ఉద్యోగం రాలేదు. కొన్నాళ్లకు మరోచోట అదే ప్రశ్న వచ్చింది. ఆ 96 సెకన్ల కథ చెప్పా. ప్యానెల్‌లో ఒకాయన కాగితం తీసి తనే లెక్క వేసుకున్నారు. తర్వాత పావుగంట ఆ లెక్క మీదే మాట్లాడుకున్నాం. ఒక్క ర్యాలీతో ఉద్యోగం వచ్చేస్తుందని నేను చెప్పను. మీ తప్పును మీరే పట్టుకున్న సంగతి ఒకటి ఉంటే మాత్రం ఎదుటివాళ్లు వింటారు.

ఈ నెలలోనే మొదలుపెట్టండి

* బస్సులో ఊరెళ్తూ రోడ్‌బుక్ రాయండి. ప్రతి కూడలికీ ఒక చుక్క, ఒక బాణం, దూరం. డచ్ ట్యులిప్ ర్యాలీ పేరు మీద ఈ బొమ్మల్ని ట్యులిప్స్ అంటారు.

* దగ్గర్లోని మెకానిక్ షెడ్డులో వారానికి ఒక పూట కూర్చోండి. కార్బురేటర్ విప్పి, శుభ్రంచేసి, మళ్లీ బిగించడం మొదటి లక్ష్యంగా పెట్టుకోండి.

* కాలేజీలో బాహా ఎస్‌ఏఈ ఇండియా టీమ్ ఉంటే చేరండి. 2007 నుంచి జరుగుతున్న ఈ పోటీలో విద్యార్థులే బండి తయారుచేస్తారు.

* హైదరాబాద్ వెళ్తే చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం 1912 నాటి రోల్స్‌రాయిస్‌ను దగ్గర నుంచి చూడండి.

* ఘాట్‌రోడ్డు మీద మాత్రం రేసులు పెట్టుకోవద్దు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద తొలిసారికే మూడు నెలల దాకా జైలు, లేదా రూ.5 వేల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కేసు సంగతి అటుంచండి. ఆ మలుపుల్లో సంతకు నడిచివెళ్లేవాళ్లు ఉంటారు.

ఇంతకీ ఆ రోజు డుంబ్రిగుడ ఎత్తులో జీపు కదిలాక స్పానర్ తిరిగి ఇవ్వబోయాను. 'మళ్లీ ఆగితే నువ్వే తీయాలి, ఉంచు' అన్నాడు బాబాయ్. పాడేరు దాకా అది నా ఒళ్లోనే ఉంది. బండి మాత్రం మళ్లీ ఆగలేదు. ఆగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటుంటా.