శోధన యంత్రాలలో వెబ్‌సైటు స్థానం మెరుగుపరచడం

శోధన యంత్రాలలో వెబ్‌సైటు స్థానం మెరుగుపరచడం అనగా, ఎవరైనా గూగుల్, బింగ్ వంటి శోధన యంత్రంలో ఒక మాటను వెతికినపుడు, ఆ విషయానికి సంబంధించిన పేజీ ఫలితాల జాబితాలో పైన కనిపించేటట్లు ఆ పేజీని తీర్చిదిద్దే పని. దీనిని సెర్చ్ ఇంజన్ ఆప్టిమైజేషన్ అని, క్లుప్తంగా ఎస్‌ఈఓ అని అంటారు. శోధన యంత్రానికి డబ్బు చెల్లించి వేయించుకొనే ప్రకటనలు దీని క్రిందకు రావు. తెలుగు పేజీల విషయంలో ఈ పనికి లిపి, వర్ణక్రమం, విభక్తి ప్రత్యయాల వలన కలిగే ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి. వాటిని వివరించడానికి ఈ వ్యాసంలో పశ్చిమ ప్రకాశం ప్రాంతంలోని పెద్దదోర్నాల అనే మండల కేంద్రాన్ని ఉదాహరణగా తీసుకోవడం జరిగింది.

శోధన యంత్రం పనిచేసే తీరు

శోధన యంత్రం మనం అడిగిన క్షణంలో ప్రపంచంలోని వెబ్‌సైట్లన్నిటినీ వెతకదు. క్రాలర్ అనే ప్రోగ్రాము ఒక పేజీ నుండి మరొక పేజీకి లింకుల ద్వారా వెళుతూ, చదివిన ప్రతి పేజీలోని మాటలను ముందుగానే ఒక సూచికలో చేర్చి ఉంచుతుంది. పాఠ్యపుస్తకం చివర ఉండే పదసూచిక వంటిదే ఇది. కనుక క్రాలర్ చేరలేని పేజీ, చేరినా చదవలేని పేజీ ఎంత మంచిదైనా ఫలితాలలో కనిపించదు.

ఒక మాటకు వేల పేజీలు దొరికినపుడు వాటిలో ఏది ముందుండాలన్నది రెండవ ప్రశ్న. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులైన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో గూగుల్‌ను స్థాపించినపుడు దీనికి వాడిన పద్ధతి పేజ్‌ర్యాంక్. ఒక పేజీకి ఇతర పేజీల నుండి వచ్చే లింకును ఒక సిఫారసుగా లెక్కిస్తారు. అయితే అన్ని సిఫారసులకు ఒకే విలువ ఉండదు. నలుగురు నమ్మే పెద్దమనిషి చెప్పిన మాటకు ఊరిలో ఎక్కువ విలువ ఉన్నట్లే, ఎక్కువ లింకులు పొందిన పేజీ ఇచ్చే లింకుకు ఎక్కువ విలువ ఉంటుంది. నేడు గూగుల్ లింకులతో పాటు మరెన్నో అంశాలను పరిగణిస్తుంది. వాటి పూర్తి వివరాలను ఆ సంస్థ బయటపెట్టదు. "మొదటి స్థానం మాది పూచీ" అని చెప్పేవారి మాటలను నమ్మకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

తెలుగు లిపి - యూనికోడ్

తెలుగు వెబ్‌సైట్లు మొదలైన కాలంలో, అనగా 1990ల చివర, 2000ల తొలినాళ్ళలో, పత్రికలు ఎవరి ఫాంటును వారు వాడుకొనేవి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో తెర మీద తెలుగు చక్కగానే కనిపించేది. కాని లోపల దాగి ఉన్నవి రోమను అక్షరాల, గుర్తుల సంకేతాలు మాత్రమే. "దోర్నాల" అనే మాట ఒక పత్రిక పేజీలో ఒక సంకేతాల వరుసగా, మరొక పత్రిక పేజీలో వేరొక వరుసగా ఉండేది. క్రాలరుకు ఈ రెంటిలో ఏదీ తెలుగు కాదు. దీనివలన ఆనాటి తెలుగు సమాచారంలో అధికభాగం అంతర్జాలంలో ఉండి కూడా వెతికినవారికి దొరకకుండా పోయింది.

యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991లోనే 128 సంకేత స్థానాల విభాగం కేటాయించబడింది. అయితే విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటుతో వచ్చిన తరువాతనే యూనికోడ్ తెలుగు క్రమంగా సామాన్య పాఠకులకు అందుబాటులోకి వచ్చింది. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియా యూనికోడ్‌లోనే వెలువడడం వలన దానిలోని గ్రామాల వ్యాసాలు శోధనకు అందాయి. పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత పాత ఫాంట్ల పేజీలను పాఠకుని కంప్యూటరులో యూనికోడ్‌లోకి మార్చి చూపేది. అది పాఠకునికి ఎంతో ఉపకారం చేసింది. కాని అసలు పేజీ మారదు కనుక శోధన యంత్రానికి దాని వలన ప్రయోజనం కలుగలేదు.

ఈ సమస్య పూర్తిగా తీరిపోలేదు. అను ఫాంట్లతో డీటీపీ చేసిన పుస్తకాలను, కరపత్రాలను అలాగే పీడీఎఫ్‌గా మార్చి పెట్టేవారు నేటికీ ఉన్నారు. ప్రకటనను ఫోటో తీసి పెట్టేవారు మరికొందరు. బొమ్మలోని అక్షరాలను యంత్రాలు ఇప్పుడు కొంతవరకు చదవగలుగుతున్నా, తెలుగు ఒత్తుల దగ్గర పొరపాట్లు తప్పడం లేదు. అదే విషయాన్ని యూనికోడ్‌లో టైపు చేసి బొమ్మ క్రింద ఉంచడం మేలు. తెలుగు వెబ్‌సైటుకు ఇంతకు మించిన తొలి మెరుగు లేదనవచ్చు.

పేరు ఒకటి, వ్రాతలు అనేకం

పెద్దదోర్నాల శ్రీశైలం, మార్కాపురం, ఆత్మకూరు వైపు వెళ్ళే దారులు కలిసే కూడలి. ఇక్కడి నుండి నల్లమల అడవుల గుండా శ్రీశైలం సుమారు 50 కిలోమీటర్లు. ఈ ఘాట్ రోడ్డు పులుల అభయారణ్యం గుండా పోవుటచే రాత్రివేళ వాహనాలను అనుమతించరు. చీకటి పడే వేళకు దూరప్రాంతం నుండి వచ్చే యాత్రికునికి ఈ సంగతి ముందుగా తెలియకపోతే పిల్లాపాపలతో రాత్రంతా దోర్నాలలో ఆగిపోవలసి వస్తుంది. కనుక ఈ సమాచారం గల పేజీ వెతికిన వెంటనే దొరకడం అతనికి ఎంతో అవసరం.

కాని అతడు ఏమని వెతుకుతాడు? ఈ ఊరి పేరును పెద్దదోర్నాల, పెద్ద దోర్నాల, పెదదోర్నాల అని పలు విధాలుగా వ్రాస్తారు. వాడుకలో ఉత్త దోర్నాల. చాలామంది తెలుగువారు రోమను లిపిలోనే టైపు చేస్తారు. అందులో "పెద", "పెద్ద" అనే భేదం మళ్ళీ ఉన్నది. మార్కాపురం, మార్కాపూర్ విషయమూ ఇంతే. దీనికి తోడు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 వరకు కర్నూలు జిల్లాలోనివి. ఆ ఏడు ఒంగోలు జిల్లాలో చేరాయి. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం పేరు పెట్టారు. పాత పుస్తకాల నుండి ఎక్కించిన పేజీలలో కర్నూలు జిల్లా అనియే ఉంటుంది.

పేజీ వ్రాసేవారు చేయవలసినది ఒక రూపాన్ని శీర్షికగా ఎంచుకొని, మిగిలిన రూపాలను మొదటి పేరాలో సహజమైన వాక్యంలో ఒక్కసారి చెప్పడం. ప్రతి వాక్యంలోను అన్ని రూపాలను కుక్కితే చదివేవాడు విసుగు చెంది వెళ్ళిపోతాడు.

తెలుగులో ప్రత్యయాలు మాటకు అతుక్కొని ఉంటాయి: దోర్నాలలో, దోర్నాలకు, దోర్నాలది. ఇవన్నీ ఒకే మాటకు రూపాలని యంత్రం గ్రహించాలి. గూగుల్ ఈ విషయంలో మునుపటి కంటె మెరుగుపడినా, శీర్షికలో మాటను మూలరూపంలో ఉంచడం సురక్షితం. మరొక సూక్ష్మమైన చిక్కు కంటికి కనిపించని అక్షరం. "వెబ్‌సైటు" అనే మాటలో బకారపు పొల్లుకు, సకారానికి మధ్య అవి కలిసిపోకుండా ఒక అదృశ్య సంకేతాన్ని ఉంచుతారు. దానిని ఉంచక వ్రాస్తే "వెబ్సైటు" అవుతుంది. మనకు ఇది అచ్చులో కొద్దిపాటి తేడా, కంప్యూటరుకు మాత్రం ఈ రెండూ వేర్వేరు అక్షరాల వరుసలు.

పేజీ నిర్మాణం

పేజీ శీర్షిక విషయాన్ని స్పష్టంగా చెప్పాలి. "హోమ్", "స్వాగతం" అనే శీర్షికలు ఎవరికీ ఉపయోగపడవు. "దోర్నాల - శ్రీశైలం ఘాట్ రోడ్డు ప్రవేశ వేళలు" అన్న శీర్షిక ఉన్న పేజీ వెతికేవారి ప్రశ్నకే జవాబుగా ఉంటుంది. ఉపశీర్షికలు, లోపలి లింకులు, బొమ్మలకు వివరణ కూడా అవసరం. భద్రమైన హెచ్‌టీటీపీఎస్ అనుసంధానాన్ని 2014 నుండి, మొబైలు ఫోనులో చక్కగా కనిపించడాన్ని 2015 నుండి గూగుల్ స్థాన నిర్ణయంలో పరిగణిస్తున్నది. పేజీ లోపల కనిపించకుండా వ్రాసే కీలకపదాల జాబితాను తాము లెక్కలోకి తీసుకోవడం లేదని 2009లోనే గూగుల్ ప్రకటించింది. అయినా దానిని నింపి ఇస్తామని రుసుము తీసుకొనేవారు ఉన్నారు.

అడ్డదారులు

తెల్లని నేపథ్యం మీద తెల్లని అక్షరాలతో మాటలు దాచడం, యంత్రానికి ఒక పేజీ, మనిషికి వేరొక పేజీ చూపడం, లింకులు కొనడం వంటివి అడ్డదారులు. 2006లో జర్మనీ కార్ల సంస్థ బీఎండబ్ల్యూ వెబ్‌సైటును ఇటువంటి కారణంతో గూగుల్ కొంతకాలం ఫలితాల నుండి తొలగించింది. 2012లో వచ్చిన పెంగ్విన్ అనే మార్పు కృత్రిమ లింకులపై ఆధారపడిన అనేక సైట్లను క్రిందకు నెట్టింది. వికీపీడియాలో తమ సైటు లింకు చేర్చి స్థానం పెంచుకోవాలనుకోవడం కూడా వృథా. అక్కడి బయటి లింకులకు వాటిని సిఫారసుగా లెక్కించవద్దని తెలిపే గుర్తు ఉంటుంది.

పై స్థానం, నమ్మకం

పైన కనిపించిన ప్రతి పేజీ నిజమైనది కాదు. తిరుమల తిరుపతి దేవస్థానం పేరుతో నడిచే నకిలీ వెబ్‌సైట్ల సంఖ్య, 2023 ఏప్రిల్‌లో ఒకదానిపై కేసు నమోదయ్యేనాటికి, 41కి చేరింది. అసలు చిరునామాలోని చుక్కల స్థానంలో అడ్డగీతలు పెట్టి, చూపునకు అదే అన్నట్లు దానిని తయారు చేశారు. గదులు, దర్శనం టిక్కెట్లు వెతికే భక్తులే ఇటువంటి సైట్లకు గురి. ఫలితాలలో "ప్రాయోజితం" అని గుర్తు ఉన్నవి డబ్బు చెల్లించి వేయించిన ప్రకటనలు. ప్రభుత్వ సంస్థల చిరునామాలు సాధారణంగా "డాట్ గవ్ డాట్ ఇన్" అని ముగుస్తాయి. దానికి ముందు ఉన్నది అడ్డగీతా, చుక్కా అన్నది చెల్లింపుకు ముందు చూసుకోవలెను.