తాతగారి పెట్టెలోని వైద్యగ్రంథాలు: ఇంటికి ఏవి? వైద్యునికి ఏవి?

గడచిన కార్తీకమాసంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు గుడ్డసంచిలో నాలుగు పాత వైద్యగ్రంథాలు పెట్టుకొని మా వైద్యశాలకు వచ్చినారు. తాతగారి కాలం నుండి అటక మీద ఉన్నవట. ఇల్లు మారుతుండగా బయటపడినవి. "అయ్యా, వీటిలో ఈ కాలానికి పనికివచ్చేవి ఏవో చెప్పండి. మిగిలినవి గ్రంథాలయానికి ఇచ్చివేస్తాను" అన్నారు. పుటలు తిప్పుతుండగా ఒకచోట పెన్సిలు గీత కనిపించినది. కీళ్ళనొప్పులకు చెప్పిన గుళిక అది. తనకు మోకాళ్ళ నొప్పులున్నవనీ, ఆ గుళికకు కావలసిన ద్రవ్యాలన్నీ మూలికల అంగడిలో కొన్నాననీ ఆయన సంతోషంగా చెప్పి, సంచి అడుగు నుండి పొట్లాలు తీసి బల్లమీద పెట్టినారు. వాటిలో ఒకటి వసనాభి.

ఆ పొట్లాన్ని నేను బీరువాలో పెట్టి తాళం వేసినాను. మాస్టారు నొచ్చుకున్నారు. అప్పుడు ఆయనకు చెప్పిన సంగతినే పాఠకులకూ చెబుతాను.

సుమారు ముప్పది ఏండ్ల క్రిందట ఒక అర్ధరాత్రి నన్ను ఒక ఇంటికి పిలిచినారు. ఆ ఇంటి యజమాని పుస్తకం చూచి స్వయంగా గుళికలు కట్టి రెండు మింగినాడు. కొద్దిసేపటికే పెదవులు, నాలుక తిమ్మిరెక్కి, వాంతులు మొదలైనవి. నేను చేయి పట్టుకునేసరికి నాడి తప్పిపోతూ ఉన్నది. నా వద్ద దానికి మందు లేదు. వెంటనే కారు మాట్లాడి ఆసుపత్రికి తరలించినాము. రెండు రాత్రులు గడచిన తరువాత గాని ఆయన గండం గట్టెక్కలేదు. తరువాత ఆ పుస్తకం తెప్పించి చూచినాను. మూలశ్లోకంలో ఆ ద్రవ్యానికి 'శుద్ధ' అనే విశేషణం ఉన్నది. క్రింద అచ్చువేసిన తెలుగు తాత్పర్యంలో ఆ ఒక్కమాట జారిపోయినది. ఆ మాట వెనుక గోమూత్రంలో నానవేయుట, పాలలో స్వేదనం చేయుట మొదలైన ప్రక్రియ అంతా ఉన్నది. గురువు చేతిక్రింద నేర్చినవారు తప్ప ఇతరులు దానికి పూనుకోరాదు. నేటి ఔషధ నియమావళి కూడా వసనాభిని విషద్రవ్యాల పట్టికలో చేర్చి, అది కలిసిన మందు సీసాపై వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెనని ముద్రించాలంటున్నది.

కనుక మాస్టారి ప్రశ్నకు నా సమాధానం ఇది. ప్రాచీన గ్రంథాలలో గృహస్థుడు తప్పక చదువవలసినవి ఆహారాన్ని, దినచర్యను, ఋతువులను చెప్పిన అధ్యాయాలు. యోగాలు, భస్మాలు, గుళికలు చెప్పినవి వైద్యునికి వదలివేయవలెను.

గురుకులంలో మాకు మొదట నేర్పిన మాటలలో ఒకటి, రోగనిర్ణయానికి మాధవుడు, సూత్రస్థానానికి వాగ్భటుడు, శారీరానికి సుశ్రుతుడు, చికిత్సకు చరకుడు శ్రేష్ఠులని. ఇంటికి కావలసినది ఆ రెండవవాడు. వాగ్భటుని అష్టాంగహృదయంలో 120 అధ్యాయాలున్నవి. వాటిలో సూత్రస్థానపు మొదటి ఎనిమిది చాలును. మేల్కొనుట, దంతధావనం, అభ్యంగం, ఏ ఋతువులో ఏమి తినవలెను, నీరు పాలు పెరుగు నూనెల గుణాలు, అన్నం ఎంత తినవలెను, అన్నీ అక్కడనే ఉన్నవి. కడుపులో సగం అన్నానికి, పాతిక భాగం ద్రవానికి, మిగిలిన పాతిక వాయుసంచారానికి అని ఆయన చెప్పిన లెక్క కొలతగిన్నెతో పనిలేనిది.

నాలుగవ అధ్యాయంలో 13 సహజ వేగాలను ఆపరాదని చెప్పినాడు. మలమూత్రాలు, తుమ్ము, దప్పి, ఆకలి, నిద్ర, ఆవులింత, కన్నీరు కూడా అందులో ఉన్నవి. నా వద్దకు మూత్రంలో మంట అని వచ్చే ఆడపిల్లలను అడిగితే, బడిలో మరుగుదొడ్డి బాగుండదు గనుక ఉదయం నుండి సాయంత్రం వరకు ఆపుకుంటామనీ, అందుకే నీళ్ళు కూడా త్రాగమనీ చెబుతారు. దూరప్రయాణాలలో స్త్రీల సంగతీ అంతే. ఇన్ని శతాబ్దాల క్రిందట వాగ్భటుడు వద్దన్న పనిని మనం మన బిడ్డల చేత చేయిస్తున్నాము. ఈ ఒక్క అధ్యాయం తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు చదివితే నా వద్దకు వచ్చేవారిలో కొందరు రానవసరం ఉండదు.

అయితే వాగ్భటుని కూడా కండ్లు తెరచుకొని చదువవలెను. ఆయన సింధుదేశీయుడు. హేమంతంలో వెచ్చని గదులు, దళసరి కప్పులు, మాంసరసాలు, మద్యాలు చెప్పినాడు. విజయవాడలో హేమంతం అంటే తెల్లవారుజామున ఒక దుప్పటి. దేశాన్ని బట్టి మార్చుకోవాలని శాస్త్రమే చెప్పినది గనుక ఇది దోషం కాదు. రాత్రివేళ పెరుగు తినరాదనే నియమం మన ఇళ్ళలో పెద్ద చర్చ. పెరుగును వేడిచేయరాదనీ, వసంత గ్రీష్మ శరత్తులలో పనికిరాదనీ కూడా అక్కడ ఉన్నది. రాత్రి పెరుగన్నంతో ముగియని తెలుగు భోజనం ఏది? తరచుగా జలుబు, దగ్గు, ఆయాసం ఉన్నవారు ఈ నియమం పాటించవలెననీ, మిగిలినవారు బాగా చిలికిన మజ్జిగ వేసుకోవచ్చుననీ నేను చెబుతాను. అందరిపై రుద్దను.

చరకసంహిత పెద్దది. అగ్నివేశుని తంత్రాన్ని చరకుడు సంస్కరించగా, లోపించిన 41 అధ్యాయాలను దృఢబలుడు పూరించినాడు. ఇల్లాండ్రు, ఉద్యోగస్థులు దానినంతా చదువనక్కరలేదు. విమానస్థానపు మూడవ అధ్యాయం మాత్రం చదవండి. ఆహారం, శరీరం, స్వభావం వేరువేరుగా ఉన్న మనుషులు ఒకే రోగంతో ఒకేసారి ఎట్లు నశిస్తారని అగ్నివేశుడు ఆత్రేయుని అడుగుతాడు. అందరికీ సమానమైన గాలి, నీరు, నేల, కాలం చెడినప్పుడు అట్లు జరుగుతుందని సమాధానం. 2020లో వీధులు మూతపడిన రోజులలో ఆ అధ్యాయాన్ని మళ్ళీ చదివినాను. కరోనాకు చరకుడు మందు చెప్పినాడని అప్పట్లో కొందరు ప్రచారం చేసినారు. అది సత్యం కాదు. నా ఇంటి నీరు, నా పొరుగువాని మురుగు వేరుకావని మాత్రం అక్కడ నేర్చుకోవచ్చును.

భావమిశ్రుడు 16వ శతాబ్దంలో రచించిన భావప్రకాశంలోని నిఘంటుభాగం వంటగదికి దగ్గరది. కరక్కాయ మొదలు ధాన్యాలు, కూరలు, పాలు, నేతుల దాకా గుణాలు దొరుకుతవి. కాని పేర్ల దగ్గర జాగ్రత్త అవసరం. మరిచమంటే మిరియం, మిరపకాయ మన సంహితలలో లేదు, అది పోర్చుగీసువారి తరువాత వచ్చినది. అమృత అంటే తిప్పతీగ. కరక్కాయకూ ఆ పేరున్నది. రసగ్రంథాలలో అమృతమంటే కొన్నిచోట్ల వసనాభి! ప్రక్కనున్న ద్రవ్యాలను బట్టి, లింగాన్ని బట్టి ఏది ఏదో గ్రహించడం మాకు ఏండ్ల తరబడి నేర్పినారు. నిఘంటువు దగ్గర పెట్టుకొని ఎవరైనా మందు చేయవచ్చుననే భ్రమ ఇక్కడనే పోవలెను.

మన తెలుగుదేశపు గ్రంథాలను గురించి చెప్పక తప్పదు. బసవరాజీయం, వైద్యచింతామణి రెండూ ఔషధచట్టపు మొదటి షెడ్యూలులో ప్రామాణిక గ్రంథాలుగా చేరినవి. బసవరాజీయంలో సంస్కృతశ్లోకాల నడుమ తెలుగు మాటలు పలుకుతుంటే నాకు ఇప్పటికీ పులకింత కలుగుతుంది. అయినా వాటిలో పాదరసం, గంధకం, విషద్రవ్యాల యోగాలు విస్తారం. ఆ రెండూ వైద్యుని బల్లమీద ఉండవలసినవి. శార్ఙ్గధరసంహిత కూడా అంతే. అందులో ప్రస్థం మొదలు పై కొలతలకు ద్రవద్రవ్యాలను రెట్టింపు తీసుకోవలెనని నియమం. అది తెలియనివాని కషాయం మొదటనే తప్పుతుంది.

పాతది గనుక అంతా శిరోధార్యమనేవారికి వాగ్భటుడే గ్రంథాంతంలో బదులు చెప్పినాడు. ఋషులు వ్రాసినవే చదువుతామంటే చరకసుశ్రుతులతో ఆగి, భేళుడు మొదలైనవారిని ఎందుకు చదువరని ప్రశ్నించి, బాగుగా చెప్పినదే గ్రాహ్యమన్నాడు. ఆ భేళసంహిత నిజంగానే మాయమైపోవలసినది. తంజావూరు గ్రంథాలయంలో తెలుగు లిపిలో ఉన్న ఒకే ఒక శిథిల తాళపత్రప్రతి వలన మిగిలి, 1921లో కలకత్తా విశ్వవిద్యాలయం అచ్చువేసినది.

ఆ సూత్రాన్ని నేనూ పాటిస్తాను. పుట్టిన బిడ్డకు తేనె, నేయి నాకించుమని ప్రాచీనులు చెప్పినారు. ఏడాది నిండని శిశువుకు తేనె వలన ప్రాణాంతకమైన వ్యాధి కలుగవచ్చునని నేడు తెలిసినది గనుక మా ఇంట మనుమరాలికి తేనె తగలనీయలేదు. మధుమేహానికి గ్రంథంలో మందు కనిపించినదని ఇన్సులిన్ మానివేయుట కూడా ఇట్టి మూఢత్వమే. గుండెనొప్పి, పాముకాటు వచ్చినప్పుడు పుస్తకం తెరువనే తెరువరాదు.

మాస్టారి సంచిలో అష్టాంగహృదయపు సూత్రస్థానం తెలుగు తాత్పర్యంతో ఉన్నది. అది ఇంట ఉంచుకోమన్నాను. గుళికల గ్రంథాన్ని గ్రంథాలయానికి ఇవ్వవద్దనీ, మరొకరు పెన్సిలు గీత గీస్తారనీ చెబితే, నవ్వి దానిని నాకే ఇచ్చినారు. మోకాళ్ళకు ఎక్స్‌రే తీయించి రమ్మని, అంతవరకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన చేసుకొమ్మని పంపినాను. వారం తరువాత ఆయన భార్య ఫోను చేసినారు. "పుస్తకం చదివి రాత్రి పెరుగు వడ్డించవద్దంటున్నారండీ, మజ్జిగైనా పోయవచ్చునా?" అని అడిగినారు. పోయమన్నాను. వసనాభి పొట్లం ఇంకా నా బీరువాలోనే ఉన్నది.