యూనిట్ 9: నొప్పి, ఉష్ణోగ్రత – గ్రహణం, నియంత్రణ

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తర్వాత మీరు:
• నొప్పి, ఉష్ణోగ్రత సంకేతాలు చర్మం నుంచి మెదడును చేరే మార్గాన్ని వివరించగలుగుతారు.
• వెన్నుపాము, మెదడు నొప్పి తీవ్రతను ఎలా తగ్గిస్తాయో చెప్పగలుగుతారు.
• జ్వరానికి, వడదెబ్బకు మధ్య భేదాన్ని గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

నిప్పు తగిలితే 'చెయ్యి మండుతోంది' అంటాం. పచ్చిమిరపకాయ కొరికితే 'నోరు మండుతోంది' అంటాం. నిప్పు వేడిగా ఉంటుంది, మిరపకాయ వేడిగా ఉండదు. అయినా రెండింటికీ ఒకే మాట వాడుతున్నాం. ఇది కేవలం పోలిక కాదు. ఈ రెండు సందర్భాల్లోనూ చర్మంలో, నాలుకలో ప్రేరణ పొందేది ఒకే రకమైన గ్రాహకం. నొప్పి, ఉష్ణోగ్రత సంకేతాలు ఒకే తరహా నాడీతంతువుల ద్వారా, దాదాపు ఒకే దారిలో మెదడును చేరుతాయి. శరీరానికి ముంచుకొచ్చే హానిని ముందుగా హెచ్చరించడం వీటి ముఖ్యమైన పని. అందుకే రెండింటినీ ఒకే పాఠంలో చదువుకుంటున్నాం.

9.2 గ్రాహకాలు

స్పర్శను గ్రహించే అనేక గ్రాహకాలకు ప్రత్యేకమైన తొడుగులు ఉంటాయి. నొప్పిని, ఉష్ణోగ్రతను గ్రహించేవి మాత్రం తొడుగు లేని నాడీ అంత్యాలు. వీటి పొరలో కొన్ని ప్రోటీన్లు అయాన్ ద్వారాలుగా పనిచేస్తాయి. వాటిలో ఒకటి టీఆర్‌పీవీ1. ఉష్ణోగ్రత సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటితే ఈ ద్వారం తెరుచుకుంటుంది. సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి ప్రవేశించి నాడీ ప్రచోదనం మొదలవుతుంది. మిరపకాయలోని కాప్సైసిన్ ఇదే ద్వారానికి అతుక్కొని, అంత వేడి లేకుండానే దాన్ని తెరుస్తుంది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం కాప్సైసిన్ సాయంతోనే ఈ గ్రాహకాన్ని గుర్తించింది. ఇలాగే మెంథాల్ చల్లదనాన్ని గ్రహించే టీఆర్‌పీఎం8 అనే ద్వారాన్ని తెరుస్తుంది. ఉష్ణోగ్రత, స్పర్శ గ్రాహకాలపై చేసిన కృషికి జూలియస్, ఆర్డెమ్ పటపౌటియన్‌లకు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

దెబ్బతిన్న కణజాలంలో ప్రోస్టాగ్లాండిన్‌లు, బ్రాడీకైనిన్ వంటి రసాయనాలు ఏర్పడతాయి. వాటి ప్రభావం వల్ల టీఆర్‌పీవీ1 తక్కువ ఉష్ణోగ్రతకే తెరుచుకుంటుంది. ఎండకు కమిలిన వీపుపై గోరువెచ్చని నీళ్లు పోసినా భగ్గుమనడానికి కారణం ఇదే.

9.3 మెదడుకు మార్గం

నొప్పి సంకేతాలను రెండు రకాల తంతువులు తీసుకువెళతాయి. పలుచని మైలిన్ తొడుగు గల ఏ-డెల్టా తంతువుల వేగం సెకనుకు సుమారు 5 నుంచి 30 మీటర్లు. మైలిన్ లేని సి తంతువుల వేగం సెకనుకు 0.5 నుంచి 2 మీటర్లు మాత్రమే. కాలి వేలికి రాయి తగిలినప్పుడు ముందు చురుక్కుమని, కాస్త ఆగి సలుపు మొదలవడం మీకు అనుభవమే. మొదటిది ఏ-డెల్టా, రెండోది సి తంతువుల సంకేతం.

ఈ తంతువులు వెన్నుపాము వెనుకభాగంలోని ధూసర పదార్థంలో రెండో నాడీకణంతో కలుస్తాయి. ఆ రెండో నాడీకణపు తంతువు వెన్నుపాములోనే అవతలి వైపుకు దాటి, పైకి ప్రయాణించి థలామస్‌ను చేరుతుంది. అక్కడి నుంచి సంకేతం మస్తిష్క వల్కలానికి వెళ్లాక 'ఎక్కడ, ఎంత' అనేది మనకు తెలుస్తుంది. అందువల్ల వెన్నుపాము కుడి సగం దెబ్బతింటే, ఆ స్థానానికి దిగువన ఎడమవైపు నొప్పి, వేడి తెలియవు.

వేడి పెనం తగిలినప్పుడు మాత్రం శరీరం ఇంతసేపు ఆగదు. వెన్నుపాము నుంచే కండరాలకు ఆదేశం వెళ్లి, నొప్పి తెలిసేలోపే చెయ్యి వెనక్కి వస్తుంది. ఇది ప్రతీకార చర్య.

9.4 నొప్పి నియంత్రణ

దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దుకుంటే ఉపశమనం కలుగుతుంది. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించిన ద్వార నియంత్రణ సిద్ధాంతం దీన్ని వివరిస్తుంది. రుద్దినప్పుడు స్పర్శ సంకేతాలు లావైన తంతువుల ద్వారా వెన్నుపామును చేరి, అక్కడి నిరోధక నాడీకణాలను ప్రేరేపిస్తాయి. దీంతో పైకి వెళ్లే నొప్పి సంకేతాలు తగ్గుతాయి.

మెదడు కూడా పైనుంచి ఈ ద్వారాన్ని అదుపు చేస్తుంది. మధ్యమెదడు నుంచి దిగివచ్చే మార్గాలు, శరీరంలోనే తయారయ్యే ఎండార్ఫిన్‌లు నొప్పిని అణచివేస్తాయి. మార్ఫిన్ పనిచేసేది కూడా ఎండార్ఫిన్‌ల గ్రాహకాల మీదే. ఆట మధ్యలో తగిలిన దెబ్బ ఆట ముగిశాక నొప్పెట్టడం ఇందువల్లనే. గాయం ఎంతో నొప్పీ అంతే అనుకోకూడదు.

9.5 ఉష్ణోగ్రత నియంత్రణ

హైపోథలామస్ చర్మం నుంచి వచ్చే సమాచారాన్ని, తనను చేరే రక్తపు ఉష్ణోగ్రతను పోల్చుకుంటూ శరీరాన్ని సుమారు 37 డిగ్రీల వద్ద ఉంచుతుంది. వేడి పెరిగితే చర్మంలోని రక్తనాళాలు వ్యాకోచిస్తాయి, చెమట పడుతుంది. చలిలో రక్తనాళాలు సంకోచిస్తాయి, వణుకు పుడుతుంది. చల్లబరిచేది చెమట కారడం కాదు, అది ఆవిరి కావడం. కోస్తా ఉక్కపోతలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆవిరి కాదు, శరీరం చల్లబడదు.

జ్వరంలో ప్రోస్టాగ్లాండిన్ ఇ2 హైపోథలామస్ నిర్దేశించే స్థాయినే పెంచుతుంది. అందుకే ఒళ్లు కాలుతున్నా చలి వేస్తుంది. పారాసెటమాల్ ఆ రసాయనం తయారీని తగ్గించి జ్వరాన్ని దించుతుంది. వడదెబ్బలో నిర్దేశిత స్థాయి మారదు. వేడిని వదిలించుకునే ఏర్పాటు విఫలమై ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, తికమక, మాట తడబాటు, స్పృహ కోల్పోవడం కనిపిస్తాయి. ఇక్కడ పారాసెటమాల్ పనిచేయదు. వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై నీళ్లు చల్లుతూ విసరాలి, 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

9.6 హెచ్చరిక లేకపోతే

నొప్పి లేకపోవడం వరమనిపిస్తుంది. కాని కుష్ఠువ్యాధిలో నాడులు దెబ్బతిని స్పర్శ పోతుంది. రోగుల వేళ్లు, పాదాలు పాడవడానికి తెలియకుండా తగిలే గాయాలే పెద్ద కారణమని వెల్లూరులో పనిచేసిన వైద్యుడు పాల్ బ్రాండ్ చూపించారు. మధుమేహం చాలా ఏళ్లు అదుపు తప్పినప్పుడూ పాదాల్లో ఇదే జరుగుతుంది. చెప్పులో దిగిన మేకు కూడా తెలియకపోవచ్చు. మీ ఇంట్లో మధుమేహం ఉన్నవారుంటే, రోజూ పాదాలను కళ్లతో పరీక్షించుకోమని చెప్పండి. నాడి చేయలేని కాపలా కంటితో చేయాలి.

9.7 సారాంశం

నొప్పి, ఉష్ణోగ్రత సంకేతాలు నాడీ అంత్యాల్లో పుట్టి, వెన్నుపాములో అవతలి వైపుకు దాటి, థలామస్ ద్వారా వల్కలాన్ని చేరుతాయి. వెన్నుపాము, మెదడు నొప్పిని తగ్గించగలవు. హైపోథలామస్ శరీర ఉష్ణోగ్రతను నిలుపుతుంది. ఈ హెచ్చరికలు శరీర రక్షణకు అవసరం.

9.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మిరపకాయ తిన్నప్పుడు మంట ఎందుకు పుడుతుంది?
2. ఏ-డెల్టా, సి తంతువుల భేదాలు రాయండి.
3. జ్వరానికి పనిచేసే మందు వడదెబ్బకు ఎందుకు పనిచేయదు?