ముంగిట జారని బండలు

పోతిరెడ్డిపల్లి వంటి ఊళ్ళలో ఇల్లు కట్టుకొను రైతు ముంగిటికి బండలు ఎంచునపుడు ముందుగా రంగు చూచును. చూడవలసినది తడిసినపుడు అది ఎట్లుండునో. అంగడిలోనే చెంబెడు నీళ్ళు పోయించి, వట్టి కాళ్ళతో నడచి చూడండి. నవ్వువారిని నవ్వనీయండి. వాననాడు ఇంటి ముసలమ్మ జారిపడి తుంటి యెముక విరిగినచో, మంచము దిగుటకు నెలలు పట్టును.

నునుపు టైల్సు ఇంటిలోపలికే తగును. కొయ్యపలకలు చూచుటకు ఇంపే గాని, చెదలు, వాన వాటిని మననీయవు. కొయ్యపొడి, ప్లాస్టిక్కు కలిపిన పలకలకు చెదల బెడద తక్కువ. కాని ఎండకాలము మధ్యాహ్నము వాటిపై కాలు మోపలేము.

మనకు చేరువలో దొరకు తాండూరు బండయే మేలు. మెరుగుపెట్టినది కాక గరుకుదే అడిగి తీసికొనవలెను. అది సున్నపురాయి గనుక ఆసిడుతో కడుగరాదు.

బండ మంచిదైనను అడుగు చెడినచో వృథా. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలువారి బండలను కదలించును. రేగడిని తీసివేసి, మొరము పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టవలెను. గోడనుండి బయటికి పది అడుగులకు రెండు అంగుళముల వాలు ఈయవలెను. నీరు నిలిచినచోటనే పాచి పట్టును.

బండలకు డబ్బు చాలనివారు కాంక్రీటు పోసి, అది గట్టిపడకముందే కొబ్బరి చీపురుతో నడకకు అడ్డముగా గీతలు లాగవచ్చును. పది దినములు తడుపుట మరువరాదు.

పాచి కనబడిన నాడే బ్లీచింగు పొడి నీళ్ళతో రుద్ది, మంచినీళ్ళతో కడుగవలెను. తెల్లవారుజామున చీకటిలో పాలు పిండుటకు పోవు దారిని మొదట చూచుకొనండి.