పేరుకు ఎన్ని బైట్లు?

మన కంటికి ‘శ్రీ’ ఒక్కటే అక్షరం. యూనికోడ్ లెక్కలో మాత్రం శకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము కలిసి నాలుగు సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటికి మూడేసి బైట్లు గనుక మొత్తం 12 బైట్లు.

విండోస్‌వారి ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫైలు పేరుకు హద్దు 255. అవి పదహారు బిట్ల యూనిట్లు; తెలుగు సంకేతానికి ఒక యూనిట్ చాలును. లినక్స్‌లోని ఎక్స్‌ట్4 హద్దు కూడ 255యే, కాని అవి బైట్లు. అనగా తెలుగు సంకేతాలు 85 దాటితే చోటు లేదు. తాతగారి షష్టిపూర్తి వీడియోకు ఊరు, తేదీ, బంధువుల పేర్లు చేర్చి నూరు సంకేతాల పేరు పెట్టిన కుటుంబం దానిని లినక్స్ డిస్కుకు నకలు చేయబోతే, పేరు మరీ పొడవైనదని వ్యవస్థ తిరస్కరిస్తుంది. ఆ జవాబును పట్టించుకోని బ్యాకప్ ప్రోగ్రాము పని పూర్తయినదని ప్రకటిస్తుంది. వీడియో చేరలేదని తెలిసేది పాత కంప్యూటరు పాడైన తరువాతనే! పేరును 255వ బైటు వద్ద తెగగోసే ప్రోగ్రాము మరొక రకం. ఖాళీలు, అంకెలు ఒక్కొక్క బైటువే గనుక కోత అక్షరం నడుమ పడవచ్చును.

ఈ జాడ్యం కొత్తది కాదు. తొలినాటి యూనిక్స్‌లో డైరెక్టరీ పద్దు సరిగ్గా 16 బైట్లు: ఇనోడ్ సంఖ్యకు 2, పేరుకు 14. ఎందరో ప్రోగ్రామర్లు ఆ 16ను శాశ్వతమని నమ్మి తమ కోడులో వ్రాసుకొన్నారు. 1983లో వెలువడిన బర్క్లీ 4.2బీఎస్‌డీ పేర్లను 255 వరకు పెంచగానే, డైరెక్టరీని స్వయంగా చదువుకొనే ప్రోగ్రాములు తప్పు చదివినవి. పద్దులను ఒక్కొక్కటిగా అందించే రొటీన్లను బర్క్లీవారే సమకూర్చవలసివచ్చినది. తరువాత పోసిక్స్ ప్రమాణం ‘పాత్‌కాన్ఫ్’ అనే పిలుపును చేర్చినది. ఈ డిస్కుమీద హద్దు ఎంత అని ప్రోగ్రాము దానితో అడిగి తెలుసుకోవచ్చును.

అట్లని స్థిరాంకమే దోషి అనరాదు. ఎక్స్‌ట్4 పేరు పొడవును ఒకే బైటులో దాచుతుంది; అందులో 255కు మించి పట్టదు. అది డిస్కుమీది ఒడంబడిక. నమ్మరానిది ఆ డిస్కుమీద వ్రాసియున్న విలువ. అది చెడిపోయి ఉండవచ్చు, పరాయివారి యూఎస్‌బీ పుల్లలో కావాలని పెట్టినదీ కావచ్చు. అందువలన లినక్స్ కర్నెల్ ప్రతి పద్దునూ ప్రశ్నిస్తుంది: పొడవు కనీసానికి తక్కువా? నాలుగుచేత భాగింపబడునా? పేరు అందులో ఇముడునా? బ్లాకు హద్దు దాటుచున్నదా? ఒక్క జవాబు చెడినా ఆ పద్దును దోషమని ప్రకటిస్తుంది.

ఇంటిలో బ్యాకప్ తీసుకొనేవారికి ఇంత కోడు అక్కరలేదు. పాత డిస్కును చెరిపివేయక మునుపు రెండు వైపుల ఫైళ్ల సంఖ్యను సరిచూడడం అయిదు నిమిషాల పని.